ఆసుపత్రి వాకిట నిరీక్షణము

చెన్నపట్టణమున సెంట్రల్ రైలుస్టేషనున కెదురుగా నున్న ప్రభుత్వ వైద్యశాల 1664లో సెంట్ జార్జి కోటలో చిన్న చికిత్సాలయముగా నారంభమై, 1772లో ఇప్పటి స్థలమునకు వచ్చినది. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడువరకు నెల్లూరు, చిత్తూరు మండలములవారికి గూడ అదియే రాజధాని యాసుపత్రి. రాష్ట్రములు వేరైనను రోగములు ఎల్లల నెరుంగవు. ఆ మండలములనుండి నేటికిని రోగులు రైలు దిగి దాని వాకిట నిలుచుచునే యున్నారు.

ఉచితవైద్యము నిజముగా ఉచితమేనా యని మేమడుగుచున్నాము. పెద్ద యాసుపత్రులలో చీటి కొక వరుస, వైద్యుని దర్శనమునకు వేరొక వరుస, రక్తపరీక్ష కింకొకటి, మందులకు మరియొకటి. పరీక్షాఫలితము మరునాడు గాని చేతికి రాదు. కూలివాడు రెండు దినములు పని మానుకొనవలెను. వెంట వచ్చిన యాలో తమ్ముడో గూడ మానవలెను. సర్కారు అడుగని రుసుమును వరుస వసూలు చేయుచున్నది. నెలజీతగాండ్రకు పోవునది ఒక్క సెలవు. వానికి పోవునది ఇంటిల్లిపాది కూడు.

ఈ యాలస్యమునకు వైద్యులను దూషించుట పరిపాటి. అది న్యాయము గాదు. ఊరిలో నయము కావలసిన జ్వరమును, ప్రతిమాసము మాత్రలు మాత్రమే కావలసిన మధుమేహమును, శస్త్రచికిత్స కావలసిన వ్రణమును ఒకే వాకిట నిలిచినచో ఎంత సమర్థుడైనను ఏమి చేయగలడు? 1943లో నియమితమైన భోర్ సంఘము 1946లోనే దీనికి మార్గము చూపినది. తక్షణమే 40,000 జనులకొక ప్రాథమిక కేంద్రమును, క్రమముగా 10,000 మొదలు 20,000 జనులకొక 75 పడకల యాసుపత్రిని నెలకొల్పవలెనని సూచించినది. మైదానములలో 30,000 మందికొక కేంద్రమను ప్రమాణము నేడు గలదు. కాని ఆ ప్రమాణమున పడకలు ఆరింటికి మించవు.

2022 నుండి పలు ఆసుపత్రులలో సెల్‌ఫోనుతో క్యూఆర్ కోడును చదివించి చీటి పొందు సదుపాయము కలిగినది. సంతోషమే. అయితే చీటి వరుస కురుచయైనంత మాత్రమున వైద్యుల సంఖ్య పెరుగదు. వరుసను తగ్గించుటకన్న, వరుసలో నిలువ నవసరము లేనివారిని ఇంటియొద్దనే ఆదరించుట మేలు. అట్టి ప్రయత్నము తమిళనాట జరిగినది. తెలుగువారు తరతరములుగా నివసించుచున్న కృష్ణగిరి మండలమందలి సామనపల్లి గ్రామమున 2021 ఆగస్టులో ‘మక్కలై తేడి మరుత్తువం’ పథకము ప్రారంభమైనది. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి రక్తపోటును, చక్కెరను పరీక్షించి, మాత్రల నిచ్చుదురు. నెలకొకమారు కూలి పోగొట్టుకొనుట ఆ రోగికి తప్పును.

ఈ పద్ధతి ప్రతి మండలమునకు వ్యాపింపవలెను. ప్రాథమిక కేంద్రములు, పనినుండి జనులు తిరిగివచ్చు సాయంవేళలందును తెరచియుండవలెను. పెద్ద యాసుపత్రులు రోగికి దినమునే గాక వేళను గూడ నిర్ణయించి తెలుపవలెను. అంతవరకు పట్టణమందలి మన విద్యావంతులు చేయదగిన చిన్న సాయమొకటి కలదు. తమిళ ఫలకములు చదువలేక తప్పు వరుసలో పూటంతయు గడపిన తెలుగు రోగికి దారి చూపుటకు, వారమున కొక యుదయము కేటాయింపలేమా? ప్రొద్దుగ్రుంకినంతనే రిక్తహస్తములతో మరల రైలెక్కువాడు రెండవమారు వచ్చునన్న నమ్మకము లేదు.