చక్రాల ఇంట గాలి రాకపోకలు

మానవుడు ఆహారం లేకుండా కొన్ని వారాలు, నీరు లేకుండా కొన్ని దినాలు జీవించగలడు. గాలి లేకుండా కొన్ని నిమిషాలైనా నిలువలేడు. అయినప్పటికీ ఇల్లు కట్టుకొనేటప్పుడు వంటగదిని గురించి, నీటితొట్టిని గురించి ఆలోచించినంతగా గాలిని గురించి మనం ఆలోచించము. తలుపు సందులు, కిటికీ రెక్కలు, పెంకుల నడుమ ఖాళీలు మన ప్రయత్నం లేకుండానే ఆ పనిని నెరవేర్చుతూ ఉంటాయి. ఆ సదుపాయం అంతగా లేని ఇల్లు ఒకటున్నది. అది పాత బస్సును మార్చి నిర్మించుకొన్న ఇల్లు. గాలి రాకపోకల విలువను అది బోధించినంత స్పష్టంగా మరే గృహమూ బోధించదు. కావున దానిని ఉదాహరణగా స్వీకరించి ఈ విషయాన్ని వివరించదలచాము.

అమెరికాలో పాఠశాల బస్సులన్నీ పసుపు రంగులో ఉంటాయి. 1939లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్య ఫ్రాంక్ సిర్ ఏర్పాటు చేసిన సమావేశంలో ఆ రంగుతోపాటు బస్సుల కొలతలూ నిర్ణయమైనాయి. సేవాకాలం ముగిసిన అట్టి బస్సులను కొందరు కొని, సీట్లు తొలగించి, మంచం, పొయ్యి, స్నానపు గది అమర్చుకొని వాటిలోనే నివసిస్తారు. 1964లో రచయిత కెన్ కేసీ తన మిత్రబృందంతో అలా మార్చిన బస్సులో కాలిఫోర్నియా నుండి న్యూయార్కు వరకు సాగించిన యాత్ర ప్రసిద్ధమైనది. కొందరికి అది విహారం. ఇంటి అద్దె భరించలేని మరికొందరికి అదే శాశ్వత గృహం.

ఇట్టి ఇంటికి మొదటి శత్రువు తేమ. లోపలి భాగం 30 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు, ఆరుంబావు అడుగుల ఎత్తు ఉన్నదనుకొందాం. అందులో సుమారు 1400 ఘనపుటడుగుల గాలి, అనగా 40 ఘనమీటర్ల గాలి పడుతుంది. శీతాకాలపు రాత్రి వెలుపల 0 డిగ్రీలు, లోపల 20 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్నదని భావిద్దాం. 20 డిగ్రీల గాలి ఘనమీటరుకు సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని భరించగలదు. 0 డిగ్రీల గాలి 5 గ్రాములకు మించి భరించలేదు. బయటి నుండి వచ్చిన గాలి తనతో 200 గ్రాముల ఆవిరిని తెచ్చినా, బస్సులో ఇక 480 గ్రాములకే చోటు మిగులుతుంది. నిద్రించే మనిషి ఊపిరి నుండి, చర్మం నుండి రాత్రికి సుమారు పావు లీటరు నీరు ఆవిరిగా వెలువడుతుంది. ఇద్దరు నిద్రిస్తే ఆ చోటు నిండిపోతుంది. పైగా 100 గ్రాముల ప్రొపేన్ గ్యాసును మండించి వంట చేస్తే, ఆ మంట నుండే సుమారు 160 గ్రాముల నీరు పుడుతుంది. ఈ అదనపు నీరు ఎక్కడికి పోతుంది? చల్లని నీళ్లు పోసిన గ్లాసు వెలుపల చెమ్మ పట్టినట్లు, చల్లని ఇనుప పైకప్పు మీద, అద్దాల మీద బిందువులై నిలుస్తుంది. క్రమంగా పరుపుకు బూజు, ఇనుముకు తుప్పు పడతాయి.

రెండవ శత్రువు కంటికి కనిపించదు. పొయ్యిలో గాని, ఇంజనులో గాని ఇంధనం సంపూర్ణంగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుతో కంటె దానితో 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. తలనొప్పి, మగత కలిగి, నిద్రలో ఉన్నవాడు మేల్కొనకుండానే మరణించవచ్చు. చలికి భయపడి, ఇంధనం ఖర్చుకు వెరచి ప్రతి సందునూ మూసివేసే పేదవానికే ఈ అపాయం అధికం. గ్యాసు కారడం మరొక ప్రమాదం. ప్రొపేన్ గాలి కంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది కనుక నేలబారున పేరుకొని నిప్పురవ్వ కోసం వేచి ఉంటుంది.

వీటన్నిటికీ మందు ఒక్క కిటికీ తెరవడం కాదు. గాలి లోనికి వచ్చుటకు ఒక దారి, వెలుపలికి పోవుటకు మరొక దారి ఉండాలి. రెండును ఒకదానికొకటి దూరంగా, ఒకటి క్రిందుగా, మరొకటి మీదుగా ఉండాలి. వేడెక్కిన గాలి తేలికపడి పైకి లేస్తుంది. పైన దారి చూపితే తనంతట తానే పోతుంది. ఆ ఖాళీని పూరించుటకు క్రింది దారిన చల్లని గాలి ప్రవేశిస్తుంది. అందుచేత బస్సు పైకప్పుకు 14 అంగుళాల చదరపు రంధ్రం చేసి, 12 వోల్టుల ఫ్యాను బిగిస్తారు. పెద్ద ఫ్యాను నిండు వేగంతో నిమిషానికి సుమారు 900 ఘనపుటడుగుల గాలిని తోడివేయగలదు. అనగా బస్సులోని గాలి రెండు నిమిషాల లోపే మారుతుంది. ఇది ఎండాకాలపు వేడికి, వంట ఆవిరికి అవసరం. నిద్రవేళ ఒక్కొక్కరికి నిమిషానికి 15 ఘనపుటడుగులను లెక్కగా పట్టుకొంటే చాలును. ఇద్దరికి 30. ఆ లెక్కన గాలి అంతా మారుటకు ముప్పావు గంటకు పైగా పడుతుంది. కనుక గాలి ఆడితే గది చల్లబడిపోతుందనే భయం చాలవరకు అపోహయే. కావలసినది పెనుగాలి కాదు, ఎడతెగని చిరుగాలి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు చెప్పక తప్పదు. లోనికి దారి లేకుండా ఫ్యానును తిప్పితే అది పొయ్యి గొట్టం గుండా పొగనే వెనుకకు లాగుతుంది. నడిచే బస్సు వెనుక గాలి పీడనం తగ్గుతుంది. వెనుక కిటికీ మాత్రమే తెరచినచో సైలెన్సరు పొగ లోనికి చొరబడుతుంది. బరువైన గ్యాసు జారిపోవుటకు నేలమట్టాన ఎన్నడూ మూయని రంధ్రం ఉండాలి. కార్బన్ మోనాక్సైడును పసిగట్టే అలారం పడకకు దగ్గరగా ఉండవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సూత్రం కొత్తది కాదు. ఇరాన్‌లోని యజ్ద్ నగరపు ఇండ్ల మీద బాద్‌గీర్‌లు అనే ఎత్తైన గోపురాలున్నాయి. ఫారసీలో బాద్ అనగా గాలి, గీర్ అనగా పట్టునది. మన మండువా లోగిలి నడుమ తెరచిన ఆకాశం, పాత ఇండ్ల గోడల పైభాగాన మన పెద్దలు ఉంచిన రోషన్‌దాన్‌లు ఆ పనినే చేశాయి. వేడిగాలి ఎటు పోతుందో వారెరుగుదురు. పైన దారి విడిచారు.

బస్సు ఇంటిలో నివసించే అవకాశం మన విద్యార్థులలో ఎందరికి కలుగుతుందో చెప్పలేము. కాని బొగ్గుల కుంపటిని ఉంచుకొని తలుపులు బిగించి పడుకొనే గది, ఇంజను ఆపకుండా అద్దాలు మూసి నిద్రించే కారు, కిటికీకి అట్ట అడ్డం పెట్టిన వసతిగృహపు గది మన నడుమనే ఉన్నాయి. శాస్త్రం అన్నిటికీ ఒక్కటే. విద్యార్థులు ఈ రాత్రి నిద్రకు ముందు తమ గదిలో గాలి వచ్చే దారి ఏదో, పోయే దారి ఏదో గుర్తింతురు గాక! ఆ రెండింటిలో ఒకటి కనిపించకపోతే, దానిని తెరచిన పిమ్మటనే దీపం ఆర్పుదురు గాక!