అంటు భౌతికశాస్త్రం: మూడు సూత్రాలు

స్టీలు గ్లాసులో పోసిన టీ వెంటనే చేతిని కాలుస్తుంది. గాజు గ్లాసులో పోసినది కొంత ఆలస్యంగా కాలుస్తుంది. లోహం ఉత్తమ వాహకం, గాజు అధమ వాహకం. ఇది బడిలో చెప్పిన పాఠం. బడి బయట, టీ కొట్టు దగ్గర ఇంకొక పాఠం ఉండేది. లోపలి గ్లాసులను కొట్టువాడే కడిగేవాడు. చూరుకు వేలాడే గ్లాసును మాత్రం తాగినవాడే కడిగి, మళ్లీ అక్కడే తగిలించి వెళ్లాలి. ఎందుకని అడిగితే, చిన్నతనంలో మాకు దొరికిన జవాబు ‘అది అంతే’. శాస్త్రంలో ఆ జవాబు చెల్లదు. కనుక ఇన్నేళ్ల తరువాత ఆ లోటు తీర్చడానికి ఒక సిద్ధాంతం ప్రతిపాదిస్తున్నాను. కె.గంగవరం పరిసరాలే నా ప్రయోగశాల.

మొదటిది ప్రవాహ సూత్రం. వేడి ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటుకు పోతుంది. నీరు పల్లానికి పోతుంది. కోటిపల్లి రేవులో నిలబడితే గౌతమి సముద్రం వైపు సాగడం కనిపిస్తుంది. ప్రకృతిలో అంటు ఒక్కటే పల్లం నుంచి మెరకకు ఎక్కుతుంది. ఇద్దరు తాకినప్పుడు ‘పై’వాడి శుద్ధి ‘కింది’వాడికి రవ్వంతైనా అంటదు, ‘కింది’వాడి మైల మాత్రం ‘పై’వాడికి క్షణంలో చేరుతుంది. న్యూటన్ మన పేటల మీదుగా ఒకసారి నడిచి ఉంటే, ఆపిల్ పండు కింద పడటం ఆయనకు వింతగా తోచేది కాదు.

రెండవది వాహకత సూత్రం. కొబ్బరికాయను దింపిన చేయి, ఒలిచిన చేయి ఎవరివైనా కాయలోకి అంటు దిగదు. అది నేరుగా గుడికి పోతుంది. నారు నాటినవారు, కోత కోసినవారు, నూర్చినవారు పేటవారైనా ధాన్యానికి అంటు లేదు. అదే బియ్యం పేటలో ఉడికి అన్నమైతే తక్షణమే ఉత్తమ వాహకమవుతుంది. కరెన్సీ నోటు పరిపూర్ణ బంధకం. ఎన్ని చేతులు మారినా మైలపడదు. క్రోడీకరిస్తే శ్రమ, సరుకు, సొమ్ము బంధకాలు. నీరు, అన్నం, పెళ్లి వాహకాలు. అంటే యజమానికి లాభం వచ్చే చోట అంటు ఆగిపోతుంది, సమానత్వం వచ్చే చోట ప్రవహిస్తుంది. ఇంత లోకజ్ఞానం కలిగిన భౌతికశక్తి మరొకటి లేదు.

మూడవది శుద్ధి సూత్రం. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేడ్కర్ వేలాది మందితో కలిసి చవదార్ చెరువు నీరు తాగారు. ఆ తరువాత సవర్ణులు పాలు, పెరుగు, పేడ, గోమూత్రం నింపిన 108 కుండలు అందులో కుమ్మరించి చెరువును ‘శుద్ధి’ చేశారు. మనిషి దోసిలి వల్ల చెడిన నీరు పేడ వల్ల బాగుపడింది!

ఇక్కడివరకు నవ్వుకోవచ్చు. 1985 జూలైలో కారంచేడులో గేదెల బకెట్లు కడిగి తమ తాగునీటిని పాడుచేయవద్దని దళితులు అడిగారు. గేదె వల్ల ఆ నీటికి మైల రాలేదు. అడిగిన మాట వల్ల వచ్చింది. ఆరుగురు మాదిగలను చంపారు. సూత్రం తప్పయినా దాని ఫలితం మాత్రం నిజమే.

ఇప్పుడు కాగితపు కప్పు వచ్చింది, చూరు గ్లాసు చాలాచోట్ల మాయమైంది. కానీ సిద్ధాంతం మాయం కాలేదు. పేరు అంటే ఏమిటి? గాలిలో కాసేపు కంపించి ఆగిపోయే శబ్దతరంగం. దానికి బరువు లేదు, వేడి లేదు. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదన వచ్చాక, 24న అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగలబడ్డాయి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి డెబ్బై ఏళ్లు దాటాక కూడా, ఆ రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించినవాని పేరులోని అక్షరాలను ఇంకా వాహకాలుగానే చూస్తున్నాం.

అసలు శాస్త్రం చెప్పేది వేరు. కెల్విన్ ఒక ఊహా ప్రయోగం చెప్పాడు: ఒక గ్లాసు నీటిలోని అణువులన్నిటికీ గుర్తు పెట్టి సముద్రంలో పోసి, లోకంలోని సముద్రాలన్నీ బాగా కలిపితే, తరువాత ఎక్కడ ఒక గ్లాసు ముంచినా గుర్తు పెట్టిన అణువులు అందులో ఉంటాయి. ఎందుకంటే సముద్రాలలో ఉన్న గ్లాసుల సంఖ్య కంటే ఒక గ్లాసులోని అణువుల సంఖ్య వందల రెట్లు ఎక్కువ. వేల ఏళ్లుగా ఆవిరై, వానై, నదియై కలుస్తున్న నీటిలో ఏ అణువు ఏ దోసిలి నుంచి వచ్చిందో ఏ కులపెద్దా వేరు చేయలేడు.

కనుక విద్యార్థులకు ఒక మనవి. పరిశుభ్రత, ఆచారం, మనోభావాలు, ప్రతిభ అంటూ ఎవరైనా శాస్త్రంలాంటి కారణం చెప్పి మనుషులను వేరుగా కూర్చోబెడితే రెండు ప్రశ్నలు వేయండి. ఇది ఒక్క దిశలోనే ఎందుకు పారుతోంది? ఎవరి లాభం దగ్గర ఆగుతోంది? ‘అది అంతే’ అన్న జవాబు వస్తే, మీరు ఇంకా ఆ చూరు కిందే నిలబడి ఉన్నారని అర్థం.