నడుముకు సూది.. దారులు మూడు
డిస్కు నొప్పికి స్టిరాయిడ్‌ ఇంజెక్షన్‌ ఎంతవరకు ఉపకరిస్తుంది?

మార్కాపురం: పలకల గనుల్లో రాయి మోసే కూలీలు, మిరప చేలల్లో రోజంతా వంగి పనిచేసే మహిళలు, గిద్దలూరు ఘాట్‌ మీదుగా లారీలు నడిపే డ్రైవర్లు.. పశ్చిమ ప్రకాశంలో నడుముపైనే ఆధారపడి బతికే కుటుంబాలు ఎన్నో. నొప్పి పిరుదు నుంచి పిక్క వరకు పాకి, ఎంఆర్‌ఐ తీయించాక 'డిస్కు జారింది, వెన్నులో సూది వేయాలి' అని వైద్యులు చెబితే ఇంటిల్లిపాదికీ దిగులే. ఒక్క సూదితో రోగం పోతుందని అప్పు చేసి వేయించుకునేవారు కొందరైతే, కాళ్లు పడిపోతాయని భయపడి మానుకునేవారు మరికొందరు. ఆ ఆశ, ఈ భయం రెండూ అతిగా ఉన్నవే.

జారేది ఏమిటి?
వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండేదే డిస్కు. దాని వెలుపలి వలయం చిట్లినప్పుడు లోపలి గుజ్జు బయటికి పొడుచుకొచ్చి నరం మొదలును ఒత్తుతుంది. నడుము కింది భాగంలోని చివరి రెండు డిస్కులలోనే ఇది అధికం. సయాటికా నొప్పికి ఇది కారణమని అమెరికా వైద్యులు మిక్స్‌టర్‌, బార్‌ 1934లో వివరించారు. ఒత్తిడితోపాటు, గుజ్జులోని రసాయనాల వల్ల నరం వాచడం కూడా బాధను పెంచుతుంది. స్టిరాయిడ్‌ ఈ వాపును తగ్గిస్తుందే తప్ప డిస్కును వెనక్కి నెట్టదు. అందుకే కాలులోకి పాకే నొప్పికి పనిచేసినంతగా కేవలం నడుముకే పరిమితమైన నొప్పికి పనిచేయదు. అధిక శాతం రోగులకు 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్‌ లేకుండానే నొప్పి తగ్గుముఖం పడుతుంది.

మూడు మార్గాలు
మొదటిది కాడల్‌ పద్ధతి. తోక ఎముకకు పైన, త్రికాస్థి చివర ఉండే సహజ రంధ్రం గుండా మందును ఎక్కువ పరిమాణంలో ఎక్కిస్తారు. వెన్ను పొరకు చిల్లు పడే అవకాశం తక్కువ. అయితే మందు పలచబడుతుంది, పై డిస్కుల వరకు చేరకపోవచ్చు.

రెండోది ఇంటర్‌లామినార్‌. వెనుక నుంచి రెండు పూసల మధ్య సందులో సూది దించుతారు. మందు రెండు వైపులా వ్యాపించగలదు. పొరకు చిల్లు పడితే మాత్రం కొన్ని రోజులపాటు తీవ్రమైన తలనొప్పి రావచ్చు.

మూడోది ట్రాన్స్‌ఫొరామినల్‌. నరం బయటికి వచ్చే పక్క రంధ్రం వద్దకు సూది చేర్చి, కొద్దిపాటి మందును డిస్కు, నరం తాకే చోటే వదులుతారు. ఒకే కాలులో, ఒకే నరం వెంట నొప్పి ఉన్నవారికి ఇది అనుకూలం. సీ-ఆర్మ్‌ ఎక్స్‌రే తెరపై చూస్తూ, రంగు మందుతో నిర్ధారించుకున్నాకే చేయాలి.

ఏది మేలు?
ఆస్ట్రేలియాలో 150 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. పక్క రంధ్రం గుండా స్టిరాయిడ్‌ పొందినవారిలో 54 శాతం మందికి నెల రోజులకు నొప్పి కనీసం సగం తగ్గింది. అదే చోట ఉప్పునీరు ఎక్కించినవారిలో అది 19 శాతమే. కండకు స్టిరాయిడ్‌ సూది వేసినవారిలో 21 శాతం. ఊళ్లో పిరుదుకు వేయించుకునే సూది, వెన్నులో వేసే సూది ఒకటి కావని దీన్నిబట్టి అర్థమవుతుంది.

అయితే మూడు మార్గాలనూ కలిపి 25 పరిశోధనలను పరిశీలించిన కాక్రేన్‌ సమీక్ష 2020లో మరో చిత్రాన్ని చూపింది. నొప్పిని 100 పాయింట్లకు కొలిస్తే, మందు లేని సూది కంటే స్టిరాయిడ్‌ వల్ల తగ్గింది సగటున 5 పాయింట్లే. అదీ స్వల్పకాలమే. కొందరికి బాగా, మరికొందరికి ఏమాత్రం పనిచేయకపోవడం వల్ల సగటు ఇలా వస్తుంది. నొప్పి తగ్గిన ఆ కొద్ది వారాల్లో నడక, వ్యాయామం మొదలుపెట్టగలగడమే సూదితో అసలు లాభం.

మందులోనూ తేడా
ట్రైయాంసినలోన్‌, మిథైల్‌ప్రెడ్నిసలోన్‌లలో సన్నని రేణువులు ఉంటాయి. పక్క రంధ్రం సమీపంలోని ధమనిలోకి అవి పోతే వెన్నుపాముకు రక్తం ఆగి కాళ్లు చచ్చుబడవచ్చు. ఇది అత్యంత అరుదు. అయినా ఆ మార్గంలో రేణువులు లేని డెక్సామెథసోన్‌కే ప్రాధాన్యం ఇస్తారు. వెన్ను స్టిరాయిడ్లతో చూపు పోవడం, పక్షవాతం వంటి అరుదైన ముప్పు ఉందని అమెరికా ఔషధ సంస్థ 2014లో హెచ్చరించింది. 2012లో అదే దేశంలో కలుషిత స్టిరాయిడ్‌ వల్ల ఫంగస్‌ సోకి 60 మందికి పైగా మరణించారు. శుభ్రమైన ఆపరేషన్‌ థియేటర్‌, సీల్‌ తీయని మందు ఎందుకు ముఖ్యమో చెప్పే ఉదంతమిది.

ఫ్లోరైడ్‌నూ అనుమానించాలి
దర్శి, పొదిలి, కనిగిరి పరిసరాల్లో ఫ్లోరోసిస్‌ సమస్య 1937 నాటికే వైద్య పత్రికలకు ఎక్కింది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్‌ నీరు తాగినవారిలో వెన్ను బిగుసుకుపోయి, ఎముకలను ఒకదానితో ఒకటి కలిపే బంధనాలు గట్టిపడి నరాలను నొక్కవచ్చు. వెన్ను క్షయ కూడా నడుము నొప్పిగానే మొదలవుతుంది. వీటికి స్టిరాయిడ్‌ సూది చికిత్స కాదు. క్షయ ఉంటే హాని సైతం జరగవచ్చు. కాబట్టి స్కానింగ్‌ చిత్రం రోగి లక్షణాలతో సరిపోలిందా అన్నది ముందుగా తేలాలి.

వేయించుకునే ముందు
* ఏ మార్గం, ఏ మందు, ఎక్స్‌రే తెరపై చూస్తూ వేస్తారా అని అడగాలి.
* మధుమేహం ఉంటే చెప్పాలి. కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది.
* రక్తం పలచబరిచే మాత్రల సంగతి దాచరాదు. సొంతంగా ఆపరాదు.
* జ్వరం, చర్మంపై పుండ్లు ఉంటే వాయిదా వేయాలి.
* మూడు సూదులకూ ఒకేసారి డబ్బు కట్టనవసరం లేదు. మొదటిదాని ఫలితం చూశాకే రెండో దాని ఆలోచన.
* ఆ రోజు ద్విచక్ర వాహనం నడపరాదు. తోడు మనిషి ఉండాలి.

మూత్రం బిగపట్టడం, మలంపై అదుపు తప్పడం, మర్మాంగాల చుట్టూ తిమ్మిరి, పాదం జారిపోవడం వంటివి కనిపిస్తే సూది కోసం వేచి ఉండరాదు. అది అత్యవసర శస్త్రచికిత్స అవసరమయ్యే స్థితి. మార్కాపురం, గిద్దలూరు మారుమూల పల్లెల నుంచి పెద్దాసుపత్రికి చేరేందుకే గంటలు పడుతుంది కనుక, తెల్లవారే వరకు చూద్దామనుకోక వెంటనే 108కు ఫోన్‌ చేయాలి.