బొమ్మ ఎలా ఉంది?
పెదపులివర్రు బిడ్డ తీసిన సినిమాను నిలబెట్టింది నోటిమాటే

భట్టిప్రోలు: పట్నంలో సినిమా చూసి వచ్చిన మనిషికి ఊళ్లో అడుగు పెట్టగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే. బొమ్మ ఎలా ఉంది? దానికి వచ్చే జవాబులు కూడా లెక్కకు నాలుగే. 'బాగుంది', 'ఫరవాలేదు', 'ఒకసారి చూడొచ్చు', 'డబ్బులు దండగ'. ఈ నాలుగు మాటల మీదే ఎన్నో సినిమాలు లేచాయి, ఎన్నో పడ్డాయి.

డబ్బు పెట్టి సినిమా తీసినవారు గోడల నిండా పోస్టర్లు అంటించవచ్చు. కాని పక్కింటివాడి మాటకున్న విలువ పోస్టరుకు లేదు. పోస్టరు అంటించినవాడు మళ్లీ కనబడడు. పక్కింటివాడు తెల్లవారితే కాలవ గట్టున ఎదురవుతాడు. అతని మాట నమ్మి వెళ్లి మోసపోతే నిలేసి అడగవచ్చు. ఆ భయం ఉంది కనుకనే ఊళ్లో మనిషి సినిమా గురించి చెప్పే మాట చాలావరకు నిజాయితీగా ఉంటుంది.

ఈ నోటిమాట బలం ఎంతటిదో తెలుసుకోవడానికి భట్టిప్రోలు మండలవాసులు దూరం పోనక్కరలేదు. ఇదే మండలంలోని పెదపులివర్రులో 1930 ఫిబ్రవరి 19న పుట్టిన కాశీనాథుని విశ్వనాథ్ తీసిన 'శంకరాభరణం' కథే అందుకు సాక్ష్యం.

గోష్ఠి ఇక్కడ కొత్తది కాదు

నలుగురు ఒకచోట చేరి మంచిచెడ్డలు తేల్చుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. 1892లో అలెగ్జాండర్ రే ఇక్కడి బౌద్ధస్తూపాన్ని తవ్వించినప్పుడు బయటపడిన ధాతుకరండాల మీద శాసనాలున్నాయి. క్రీస్తుకు పూర్వం నాటి ఆ రాతల్లో కుబీరకుడనే రాజు పేరుతోపాటు 'గోష్ఠి' అనే మాట కూడా ఉంది. ఆ గోష్ఠి స్తూపం పని కోసం కూడినది. రచ్చబండ దగ్గర, టీ కొట్టు దగ్గర, మగ్గం గుంట దగ్గర నేడు కూడే గోష్ఠిలో సినిమా కూడా ఒక విషయం. అంతే తేడా.

సినిమా విషయంలో ఈ చుట్టుపక్కల వారికి పట్టింపు ఎక్కువే. ఆంధ్రా పారిస్ అని పేరుపడిన తెనాలి రైలు మీద కూతవేటు దూరం. 'పాతాళభైరవి', 'మాయాబజార్' అందించిన విజయా సంస్థలో భాగస్వామి చక్రపాణి తెనాలివారు. సినిమాల మీద విరివిగా వ్యాసాలు రాసి, ప్రేక్షకుడు బుర్ర పెట్టి చూడాలని పోరిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. నటుడు కృష్ణది పక్కనున్న బుర్రిపాలెం. గుమ్మడి, జగ్గయ్య కూడా ఈ ప్రాంతంవారే. తెర మీద కనిపించే మనిషి ఫలానా వారి బంధువని చెప్పుకోగల ఊళ్లలో సినిమా గురించి మాట రాకుండా ఎలా ఉంటుంది?

మాట ముందు, బొమ్మ తరువాత

ఇప్పటివారికి వింతగా తోచవచ్చు కాని, ఒకప్పుడు పల్లెకు బొమ్మ కంటే దాని గురించిన మాటే ముందు వచ్చేది. ప్రింట్లు తక్కువ. విడుదలైన సినిమా ముందు గుంటూరు, తెనాలి వంటి పట్టణాల్లో ఆడేది. అక్కడ ఆడి అరిగిన తరువాత రీళ్ల బాక్సు చిన్న ఊళ్లకు, టూరింగు టాకీసులకు చేరేది. ఈలోగా నెలలు గడిచేవి. వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన మీదుగా రేపల్లె పోయే రైల్లో సరుకు బస్తాలతోపాటు సినిమా కబుర్లూ దిగేవి. కోర్టు పనికి తెనాలి వెళ్లినవారు, పెళ్లిబట్టలకు వెళ్లినవారు, కాలేజీలో చదివే కుర్రాళ్లు ఆ కబుర్లు మోసుకొచ్చేవారు.

పాటలు ఇంకా ముందే వచ్చేవి. 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం, ఆపైన రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై వినిపించిన తెలుగు పాటలు ఇంటింటా మోగేవి. హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం మరో ఆధారం. అందులో కథ సగం దాకా చెప్పి, మిగిలింది వెండితెర మీద చూడమని ఆపేసేవారు. కథ అంతా చెప్పేస్తే చూసేవాడి సరదా పోతుందని ఆ పుస్తకం వేసినవారికి తెలుసు. ఊళ్లో కొందరికి మాత్రం ఈనాటికీ తెలియలేదు. హంతకుడెవరో ముందే చెప్పేసి, 'వెళ్లి చూడరా, బాగుంటుంది' అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

టిక్కెట్టు ఖరీదు నేలకొకటి, బెంచీకొకటి, కుర్చీకొకటి. నేల టిక్కెట్టయినా కూలివాడికి అది ఆ రోజు చెమట. ఇంటిల్లిపాది వెళ్లాలంటే బియ్యం డబ్బుల్లోంచి తీయాలి. 1963లో 'లవకుశ' వచ్చినప్పుడు పల్లెజనం బళ్లు కట్టుకుని పట్టణాలకు వెళ్లారు. ఎడ్లకు మేత, పిల్లలకు చద్దిమూట కట్టుకుని అంత దూరం కదిలారంటే, ముందు చూసివచ్చినవారి మాట మీద గురితోనే. కనుక బొమ్మ ఎలా ఉందన్నది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. డబ్బు లెక్క అందులో ఉంది.

'శంకరాభరణం' నేర్పిన పాఠం

విశ్వనాథ్ బి.ఎస్సీ. చదివి మద్రాసులో వాహినీ స్టూడియో శబ్దగ్రహణ విభాగంలో చేరారు. తరువాత ఆదుర్తి సుబ్బారావు వద్ద పనిచేసి దర్శకుడయ్యారు. ఏడిద నాగేశ్వరరావు నిర్మాణంలో ఆయన తీసిన 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. అప్పటి లెక్క ప్రకారం ఆ సినిమాలో ఆడటానికి కావలసిన సరుకు ఒక్కటీ లేదు. పేరున్న హీరో లేడు. ముఖ్యపాత్ర వేసిన జె.వి. సోమయాజులు రంగస్థల నటుడు, ప్రభుత్వ సర్వీసులో అధికారి. కథానాయకుడు నెరిసిన జుట్టు సంగీత విద్వాంసుడు. ఫైటింగులు లేవు. ఉన్నదంతా శాస్త్రీయ సంగీతం. అంతకు ముందు ఏడాదే 'వేటగాడు' వంటి సినిమాలకు జనం విరగబడిన రోజులవి. ఈ సినిమాను కొనడానికి పంపిణీదారులు వెనకాడారు.

మొదటి రోజుల్లో హాళ్లు పలచగానే ఉన్నాయి. కాని చూసి బయటకు వచ్చినవారు ఊరుకోలేదు. ఇంటికి వెళ్లి అమ్మానాన్నలను పంపారు. పాట తెలిసినవారు తెలియనివారికి చెప్పారు. సంగీతం మనకేం అర్థమవుతుందని జంకినవారికి, అర్థం కానక్కరలేదు, కూర్చుంటే చాలని ధైర్యం చెప్పారు. వారం తిరిగేసరికి టిక్కెట్లు దొరకని పరిస్థితి వచ్చింది. ఏళ్ల తరబడి సినిమా హాలు గడప తొక్కని వృద్ధులు కూడా వెళ్లారు. తమిళనాడు, కేరళల్లో సైతం తెలుగు పాటలతోనే అది ఆడింది. సంపూర్ణ వినోదాన్ని అందించిన ప్రజాదరణ చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. 1981లో ఫ్రాన్సులోని బెజాన్సాన్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి గెలుచుకుంది. భాష తెలియనిచోట కూడా దానికి ఓటు వేసింది మళ్లీ ప్రేక్షకులే.

విశ్వనాథ్‌కు 2016 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు లభించింది. ఆయన 2023 ఫిబ్రవరి 2న కన్నుమూశారు. 'శంకరాభరణం' విడుదలై సరిగ్గా 43 ఏళ్లు నిండిన రోజది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ సినిమాకు ఒక వారం గడువు దొరికింది. నోటిమాట ఒక చెవి నుంచి మరో చెవికి పోవడానికి ఆ గడువు చాలింది. మొదటి రోజు హాలు ఖాళీగా ఉందని రెండో రోజే బాక్సు తిప్పి పంపి ఉంటే 'శంకరాభరణం' లేదు. ఆ వెనుక వచ్చిన 'సాగరసంగమం', 'స్వాతిముత్యం' కూడా ఉండేవో లేదో.

చెప్పేవాడిని బట్టి మాట

అడగడంలో కూడా తెలివి ఉంది. ఊళ్లో అనుభవం ఉన్నవారు మాటను తూచి తీసుకుంటారు. రామారావు అభిమానిని కృష్ణ సినిమా గురించి అడిగితే సరైన జవాబు రాదని అందరికీ తెలుసు. బుర్రిపాలెం వైపు వెళ్లి రామారావు సినిమా గురించి అడిగినా అంతే. 'ఏం బాబాయ్, ఎలా ఉంది?' అంటే, 'మావాడిది కాబట్టి బాగుంది' అని నిజం ఒప్పుకునేవారు అరుదు.

ఆడవారి మాట తీరు వేరు. 'ఏడిపించిందా వదినా?' అన్నది వారి మొదటి ప్రశ్న. ఏడిపిస్తే సినిమా బాగున్నట్టు లెక్క. మగవారు హీరో గురించి, ఫైటింగుల గురించి చెబుతారు. ఆడవారు అత్త ఎలా ఉంది, ఆడబిడ్డ ఎలా ఉంది, చివరకు ఆ పిల్లకు న్యాయం జరిగిందా లేదా చెబుతారు. మాట్నీకి ఆడవారు కదిలారంటే ఇక ఆ సినిమాకు ఢోకా లేదని హాళ్లవారు నమ్మేవారు. ఒక ఇల్లాలు చెబితే అయిదు కుటుంబాలు కదులుతాయి మరి.

ఒకరికి నచ్చింది మరొకరికి నచ్చకపోవడం తప్పు కాదు. అలసిన శరీరంతో నవ్వుకోవడానికి వెళ్లినవాడికి విషాదకథ నచ్చకపోవచ్చు. అందుకే బాగుందా లేదా అని అడిగి వదిలేయకుండా, ఏం బాగుంది, ఎవరికి బాగుంటుంది అని అడిగేవారు ఎక్కువగా మోసపోరు.

తీర్పు తొందరైంది

ఇప్పుడు రీళ్లు లేవు, బాక్సులు లేవు. డిజిటల్ ప్రదర్శన వచ్చిన తరువాత హైదరాబాదులోనూ చిన్న ఊరిలోనూ ఒకే రోజు బొమ్మ పడుతోంది. విశ్రాంతి వేళకే సెల్‌ఫోనులో తీర్పు వచ్చేస్తోంది. సగం సినిమా చూసినవాడు పూర్తి తీర్పు చెబుతున్నాడు. అసలు చూడనివాడు దాన్ని మరో పదిమందికి పంపుతున్నాడు. డబ్బు తీసుకుని పొగిడేవారు, పనిగట్టుకుని తిట్టేవారు కూడా తయారయ్యారు. తమిళనాట నిర్మాతలు హాలు ఆవరణలో ప్రేక్షకుల అభిప్రాయాలు చిత్రీకరించడం ఆపించాలని 2024లో థియేటర్లను కోరేదాకా వచ్చింది.

నోరు మూయించడం వల్ల సినిమా బాగుపడదు. డబ్బు పెట్టి చూసినవాడికి మాట్లాడే హక్కు ఉంది. కాని ఆ మాట తనదై ఉండాలి. ఎవరో అన్నది తనదిగా చెబితే అది నోటిమాట కాదు, పుకారు.

అయితే మంచి సినిమాకు ఈ రోజుల్లో దారి మూసుకుపోయిందనీ చెప్పలేం. విశాఖపట్నంలోని కంచరపాలెంలో, అక్కడి మామూలు మనుషులనే నటులుగా పెట్టి తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో విడుదలైంది. తారలు లేని ఆ సినిమాను చూసినవారు చూడనివారికి చెప్పే నడిపించారు. ఆనాడు రైల్లో వచ్చిన మాట ఈనాడు ఫోనులో వచ్చింది. తెలిసిన మనిషి నోటివెంట రావడమే రెండింటికీ బలం.

పెద్ద తారల సినిమాలకు ఈ మాటతో అంతగా పని లేదు. మొదటి మూడు రోజుల్లోనే వసూళ్లు వచ్చేస్తాయి. పేరు లేనివారు తీసిన మంచి సినిమాకే సాటి మనిషి మాట కావాలి. రేపు మరో పెదపులివర్రు నుంచి మరో కుర్రవాడు సినిమా తీయవచ్చు. దాన్ని మొదటి ఆటలో చూసేది నలుగురే కావచ్చు. ఆ నలుగురూ చివరిదాకా కూర్చుని, ముగింపు దాచిపెట్టి, నచ్చింది నచ్చినట్టు, నచ్చనిది నచ్చనట్టు ఇరుగుపొరుగుకు చెబితే చాలు. మిగతా పని ఊరు చూసుకుంటుంది.