హైవే కారు ట్రాక్ ఎక్కాలంటే

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతం మీదుగా రెండు పెద్ద జాతీయ రహదారులు పోతున్నాయి. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా కర్నూలు వైపు సాగే 44వ నంబరు రహదారి పాత మహబూబ్‌నగర్ జిల్లాది కాగా, చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా విజయవాడ చేరే 65వ నంబరు రహదారి పాత నల్లగొండ జిల్లాది. నార్కట్‌పల్లి దగ్గర దీని నుంచి విడిపోయి నల్లగొండ, మిర్యాలగూడ, వాడపల్లి దాటి అద్దంకికి పోయే రోడ్డు మద్రాసు ప్రయాణికులకు దగ్గరి దారి. కొత్తగా కారు కొన్న యువకుడికి బండి సత్తా ఏపాటిదో చూడాలన్న కోరిక పుట్టేది ఈ దారుల మీదనే. అయితే, మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రహదారిపై కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు మాత్రమే. అనుమతి లేకుండా బహిరంగ రోడ్డు మీద పందెం కట్టినవారికి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం మొదటిసారికే మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. చట్టం సంగతి అటుంచినా, డివైడరు సందులోంచి ట్రాక్టరో, గొర్ల మందో ఎప్పుడు అడ్డం వస్తుందో తెలియని చోట కారు సత్తా పరీక్షించడం బుద్ధిమంతుల పని కాదు.

ఆ కోరికకు తగిన చోటు ట్రాక్. మామూలు రోడ్డు కార్ల యజమానులు రుసుము కట్టి, మూసి ఉన్న పందెపు దారి మీద విడతలు విడతలుగా కారు నడుపుకునే రోజును ట్రాక్ డే అంటారు. ఇది పందెం కాదు. గెలుపోటములు, బహుమతులు ఉండవు. ఒక్కో విడత సాధారణంగా పావుగంట, ఇరవై నిమిషాలకు మించదు, ముందు కారును దాటడానికి కూడా నియమాలుంటాయి. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున దాదాపు 2.8 కిలోమీటర్ల దారిలో ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పోటీ జరిగింది గాని, అది నగర వీధులను కొద్ది రోజులపాటు మూసి సిద్ధం చేసిన తాత్కాలిక ట్రాక్. మరుసటి ఏడాది పోటీ రద్దయింది కూడా. కనుక ఈ జిల్లాల వారికి అందుబాటులో ఉన్న పేరున్న ట్రాకులు తమిళనాడులోవే. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఒకప్పుడు షోళవరంలోని విమానాల పాత రన్‌వే మీద పోటీలు నడిపి, తర్వాత శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల శాశ్వత ట్రాక్ కట్టించింది. నల్లగొండ నుంచి అక్కడికి అద్దంకి దారిన ఐదు వందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. రెండోది కోయంబత్తూరు సమీపంలోని కరి మోటార్ స్పీడ్‌వే. మహబూబ్‌నగర్ నుంచి బెంగళూరు మీదుగా ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది.

ఈ దూరాన్ని గుర్తుంచుకుంటే కారును ఎలా సిద్ధం చేయాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. ట్రాక్ మీద తిరిగిన కారే మళ్లీ యజమానిని, ఒక్కోసారి అతని కుటుంబాన్ని కూడా ఇంటికి చేర్చాలి కాబట్టి, బండిని కొత్త పనికి మార్చేయడం కాకుండా, ఉన్న బండి ఆ పనికి తట్టుకునేలా చూడడమే తొలిసారి వెళ్లేవారి లక్ష్యం కావాలి. దీనికి విరుద్ధంగా పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్లకు, ఇంజను శక్తి పెంచే మార్పులకు వేలకు వేలు పోసేవారే ఎక్కువ. కంపెనీ ఇచ్చిన రూపును అనుమతి లేకుండా మార్చడం మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షనుకు విరుద్ధం కావడం ఒక సంగతి. తొలిసారి ట్రాక్ ఎక్కినవాడికి తన మారుతి స్విఫ్ట్‌లోనో, ఫోక్స్‌వ్యాగన్ పోలోలోనో ఉన్న శక్తినే పూర్తిగా వాడుకోవడం చేతకాదన్నది అంతకంటె పెద్ద సంగతి.

ట్రాక్ మీద మొట్టమొదట చేతులెత్తేసేది బ్రేకు. కారణం లెక్కలోనే ఉంది. కదిలే వస్తువులోని శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, వెయ్యి కిలోల కారును గంటకు 140 కిలోమీటర్ల నుంచి 70కి తగ్గించినప్పుడు దాదాపు 570 కిలోజౌళ్ల శక్తి బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. లీటరున్నరకు పైగా చల్లటి నీళ్లను మరిగే దశకు తేవడానికి ఆ వేడి చాలు. హైవే మీద ఇలాంటి బ్రేకు ఏ గంటకో ఒకసారి పడితే, ట్రాక్ మీద ప్రతి చుట్టులోనూ పలుమార్లు పడుతుంది, మధ్యలో డిస్కు చల్లబడే వ్యవధి దొరకదు.

ఈ వేడి బ్రేకును రెండు రకాలుగా దెబ్బతీస్తుంది, రెండింటి లక్షణాలూ వేరు. డిస్కును ఒరుసుకునే ప్యాడ్లు హద్దు మించి కాగితే వాటి పట్టు పోతుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా కారు మాత్రం ఆగదు. రెండో రకం ఇంకా ప్రమాదకరం. పెడల్ ఒత్తిడిని చక్రం దాకా చేర్చే ద్రవాన్ని షెడ్లలో బ్రేక్ ఆయిల్ అంటారు గాని, అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం. వాడుకలో ఎక్కువగా ఉన్న డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం కాగా, తేమ చేరిన తర్వాత అది 140 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155, డాట్ 5.1కు 260, 180. ద్రవం మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు పుడతాయి, ద్రవంలా కాకుండా ఆవిరి ఒత్తిడికి నలిగిపోతుంది కాబట్టి పెడల్ మెత్తబడి నేలకు అంటుకుంటుంది. అందుచేత ట్రాక్‌కు వెళ్లే ముందు, మూడేళ్లుగా ముట్టుకోని ఆ నల్లబడ్డ ద్రవాన్ని పూర్తిగా తీసేయించి, మూత తీయని డబ్బాలోని డాట్ 4 గాని 5.1 గాని పోయించి, నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయించాలి. మెకానిక్ నిపుల్‌కు పారదర్శక గొట్టం తగిలించి, పెడల్ తొక్కించి, నట్టు వదులు చేసినప్పుడు మొదట బుడగలతో కూడిన ముదురు ద్రవం, తర్వాత తేట ద్రవం వస్తుంది. బుడగలు ఆగి, తేటగా వచ్చేదాకా ఆ పని వదలకూడదు. డాట్ 5 అన్నది సిలికాన్‌తో చేసిన వేరే రకం. పేరు చూసి మోసపోయి దాన్ని వీటితో కలపరాదు. ఇక ప్యాడ్లు సగానికి అరిగి ఉంటే కొత్తవి వేయించుకోవడమే మేలు. మొత్తం మీద అన్నిటికంటె తక్కువ ఖర్చుతో అన్నిటికంటె ఎక్కువ రక్షణ ఇచ్చే పని ఈ బ్రేక్ ఆయిల్ మార్పిడే.

తర్వాతి స్థానం టైర్లది. వేడెక్కిన కొద్దీ లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది: 30 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ పెట్టిన టైరు 70 డిగ్రీలకు కాగితే దాదాపు 39కి చేరుతుంది. అంత ఒత్తిడిలో టైరు నడుమ ఉబ్బి, రోడ్డును పట్టుకునే వైశాల్యం తగ్గుతుంది. అలాగని ముందే మరీ తగ్గిస్తే మలుపులో టైరు పక్కకు ఒరిగి, నేలకు తగలకూడని అంచు మీద నడుస్తుంది. ఎంత ఉండాలో తేల్చుకోవడానికి సుద్దముక్క చాలు. టైరు పైభాగం నుంచి పక్క గోడ మీదికి మూడు నాలుగు చోట్ల సుద్దతో అడ్డగీతలు గీసి, విడత ముగిశాక గీత ఎంతవరకు చెరిగిందో చూడాలి. చాలా టైర్ల అంచున చిన్న త్రికోణపు గుర్తు ఉంటుంది. చెరుపు ఆ గుర్తు దగ్గర ఆగితే ఒత్తిడి సరిపోయినట్టు, దాన్ని దాటి గోడ మీదికి పాకితే గాలి తక్కువైనట్టు, గుర్తు దాకా రాకపోతే ఎక్కువైనట్టు. ఈ పనికి సొంత గేజి ఒకటి కొనుక్కోవడం అవసరం, ఎందుకంటే రెండు పంక్చరు షాపుల మీటర్లు ఒకే అంకె చూపడం అరుదు.

అలైన్‌మెంటు కంపెనీ లెక్క ప్రకారం చేయిస్తే తొలిసారికి చాలు. చక్రం పైభాగాన్ని కొద్దిగా లోపలికి వంచడాన్ని నెగటివ్ క్యాంబర్ అంటారు. మలుపులో కారు ఒరిగినా టైరు సమతలంగా నేలను తాకడానికి అది పనికివస్తుంది గాని, నేరుగా సాగే హైవే ప్రయాణంలో లోపలి అంచు అరిగిపోతుంది. కారును కిందికి దించే పొట్టి స్ప్రింగులు కూడా పల్లెల స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు భాగాన్ని గీకించుకోవడానికి తప్ప కొత్తవాడికి ఒరగబెట్టేదేమీ లేదు. నూనె కారే షాకబ్జర్లను మాత్రం తప్పక మార్చాలి. ఇంజను ఆయిలు కొలకడ్డీ మీద పై గుర్తు దాకా ఉండాలి, ఎందుకంటే పొడవాటి మలుపులో ఆయిలు ఒక పక్కకు చేరి పంపుకు అందకపోయే ప్రమాదముంది. ఎండాకాలంలో 44 డిగ్రీలు చూసే నల్లగొండ బండికి కూలెంటు, రేడియేటరు గొట్టాల పరీక్ష ఎటూ అవసరమే.

మనిషి కూర్చునే తీరును కారును సిద్ధం చేయడంలో భాగంగా చాలామంది లెక్కించరు. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద ఆనాలి, బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, బెల్టు నడుము ఎముకల మీద బిగుతుగా కూర్చోవాలి. బెల్టు విలువ ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. 2018 ఆగస్టు 29న నల్లగొండ దగ్గరి అన్నెపర్తి వద్ద కారు ప్రమాదంలో సినీ నటుడు నందమూరి హరికృష్ణ మరణించినప్పుడు ఆయన బెల్టు పెట్టుకోలేదన్న విషయం పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది. సీటు కింది నీళ్ల సీసా దొర్లి పెడల్ కిందికి చేరకుండా స్టెప్నీ, జాకీ, కాళ్ల కింది మ్యాట్లతో సహా కదిలే సామానంతా దించేయాలి. కారు జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్ స్థిరత్వ వ్యవస్థ ఉంటే దాన్ని ఆపేయకూడదు.

విడత చివరి చుట్టు బ్రేకు పెద్దగా వాడకుండా నెమ్మదిగా తిరిగి, బండి ఆపాక హ్యాండ్ బ్రేకు లాగకుండా గేరులో వదిలి చక్రానికి రాయి పెట్టడం మంచిది, లేకపోతే కాగిన డిస్కును ప్యాడ్లు ఒకేచోట పట్టుకుని ఉండిపోతాయి. బయలుదేరే ముందే బీమా పత్రం కూడా చదువుకోవాలి: సొంత కార్ల పాలసీల్లో వ్యవస్థీకృత పందేలు, వేగ పరీక్షల వంటివి రక్షణ పరిధిలోకి రావని రాసి ఉంటుంది, కాబట్టి ట్రాక్ మీద తగిలే దెబ్బ ఖర్చు యజమానిదేనని అనుకోవాలి. సాయంత్రం తిరుగు ప్రయాణానికి ముందు టైర్లు చల్లారాక గాలిని మళ్లీ కంపెనీ చెప్పిన అంకెకు తెచ్చి, చక్రాల నట్లు టార్క్ రెంచితో బిగించి, ప్యాడ్ల మందం చూసుకోవాలి. ప్యాడ్లు అడుగంటి ఉంటే ఆ రాత్రి అక్కడే ఆగి మార్పించుకున్న తర్వాతే ఇంటి దారి పట్టాలి.