తోటలోని చిఱుకొలను – అందుంచదగిన చేపలు

చేపను చూచి కొలను కట్టువారు తఱచుగా నష్టపడుదురు. కొలనును చూచి చేపను ఎంచుకొనువారు సుఖపడుదురు. ఈ మాట మన పాఠశాల తోటలోనే నాకు తెలిసివచ్చినది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములయందు తోటలుగల యిండ్లు పెక్కు వెలయుచున్నవి. మన విద్యార్థులలో కొందఱు తమ పెరడులలో కొలనులు కట్టుకొనుచున్నారు. మేము పొందిన నష్టమును వారు పొందకుండుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

మన తోటలోని సిమెంటు కొలను 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు గలది. దానిని కట్టిన మొదటి యేట బాలురు చందాలు వేసికొని నగరమునుండి 60 బంగారుచేపలను కొనితెచ్చిరి. “ఇంత నీటికి ఇన్ని యెందుకండీ?” అని తోటమాలి నన్నడిగెను. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడను గదా యను గర్వముతో నేనాతని మాట లెక్కచేయనైతిని. ఏప్రిల్ మాసమున ఒకనాడు తెల్లవాఱునప్పటికి 40 చేపలు వెల్లకిలబడి తేలుచుండెను. తక్కినవి నీటిపైకి వచ్చి నోళ్ళు తెఱచి రొప్పుచుండెను. చెట్లకు కొట్టిన మందును తోటమాలి నీటిలో పడవేసెనని కొందఱు బాలురు నిందించిరి. ఆతడేమియు పలుకక చచ్చిన చేపలను ఏరి మామిడిచెట్టు మొదట పూడ్చెను.

నిజమునకు ఆ నింద నాకే చెందవలసినది. ఎట్లనగా, చేపలకును ఊపిరి కావలయును. నీటిలో కరగియున్న ప్రాణవాయువే వానికి ఆధారము. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమియందు లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. 30 డిగ్రీలయందు అది సుమారు ఏడున్నర మిల్లీగ్రాములకు తగ్గును. నీరు వేడెక్కినకొలది చేపకు కావలసినది హెచ్చును, దొరకునది తగ్గును. ఆదాయము తగ్గి ఖర్చు పెరిగిన సంసారమువంటిది యిది. పచ్చని నాచు పగటివేళ ప్రాణవాయువును విడుచునుగాని, రాత్రి తానును దానినే పీల్చుకొనును. మిగిలిన మేత క్రుళ్ళుటలోను అది వ్యయమగును. అందుచే తెల్లవాఱుజామున కొలనిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. మన చేపలు చచ్చినదియు ఆ వేళనే. ముందుగా చచ్చినవి పెద్దవియే. బ్రదికినవానికొఱకు కుండలతో నీరు ముంచి యెత్తునుండి ధారగా పోయించితిమి. ఎండ పైకి వచ్చునప్పటికి అవి తేరుకొని అడుగునకు దిగెను. విషమే యైనచో గాలి కలిసినంతమాత్రమున తేరుకొనియుండెడివి కావు. ఆ సాయంకాలమే బాలురను వెంటబెట్టుకొనిపోయి తోటమాలిని క్షమింప వేడితిని. ఆతడడిగిన ప్రశ్నయే మాకు మొదటి పాఠమైనది.

ఆ ప్రశ్నకు జవాబును లెక్కకట్టి చూతము. 6ను 4తోను, దానిని రెండున్నరతోను హెచ్చించిన 60 ఘనపుటడుగులు వచ్చును. ఘనపుటడుగునకు సుమారు 28 లీటర్ల చొప్పున మన కొలనిలో పట్టునది 1,700 లీటర్ల లోపే. బంగారుచేప యొకటికి 100 లీటర్లు విడువవలయునని మేమిప్పుడు నియమము పెట్టుకొంటిమి. 12 బంగారుచేపలను, మిగిలిన నీటికి తగినట్లు 20 చిఱుచేపలను మాత్రమే ఉంచుచున్నాము.

ఇక నీటి సంగతి. క్రొత్త సిమెంటునుండి సున్నము నీటిలోనికి దిగి చేపల మొప్పలను కాల్చును. కావున క్రొత్త కొలనును నింపుచు, తోడివేయుచు రెండుమూడు వారములు ఊఱనీయవలయును. కుళాయినీటిలోని క్లోరిన్ చేపలకు హానికరము; తొట్టిలో పట్టి ఒకటి రెండు దినములు ఎండలో నుంచిన పిదప వాడుట మేలు. మన ప్రాంతపు బోరునీటిలో క్లోరిన్ లేకున్నను ప్రాణవాయువు స్వల్పము. దానిని ఎత్తునుండి ధారగా పడనీయవలయును. చేపల మలమునుండి పుట్టు అమ్మోనియాను సూక్ష్మజీవులు క్రమముగా హానిలేని లవణముగా మార్చును. ఆ జీవులు వృద్ధిపొందుటకు నెల, నెలన్నర పట్టును గనుక, మొదట నాలుగైదు చేపలనే విడిచి, తరువాత కొన్నింటిని చేర్చవలయును.

చేపలను ఎంచుకొనుట యెట్లు? బంగారుచేపను చీనావారు వేయేండ్లకు పైగా పెంచుచున్నారు; అది ఓర్పుగల చేప. వానిలో పొడవైన దేహము, ఒంటితోక గలవి ఆరుబయటి కొలనికి తగినవి. ఉబ్బుపొట్టయు జంటతోకయు గలవి మెల్లగా ఈదును. చురుకైనవానితో కలిపి ఉంచినచో వానికి మేత దక్కదు. జపానుదేశపు నీగాటా ప్రాంతమున 19వ శతాబ్దమున రూపొందిన కోయి చేప కంటికి ఇంపైనదేకాని, రెండడుగుల వఱకు పెరుగును. మన చిఱుకొలనికి తగదు. బొచ్చె, రోహు చేపలును అంతే. మన రాష్ట్రపు చేపయైన కొరమీను బయటి గాలిని పీల్చి బ్రదుకగలదు; కాని అది తోడి చేపలను మ్రింగును, వానపడినరాత్రి గట్టెక్కి పోవును. మన చెఱువులలోని చిఱుపరిగెలును, నడినెత్తిన వెండిచుక్క మెఱయు పాంచాక్స్ అను చిఱుచేపయు మన ఎండలకు అలవాటుపడినవి, మనకు మిక్కిలి తగినవి.

ఈ చిఱుచేపలవలన మఱియొక మేలు కలదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ స్థలము మనకు 20 మైళ్ళ లోపే కలదు. చేపలులేని కొలను దోమలకు ఉయ్యాల. గ్రుడ్డునుండి దోమ యగుటకు వేసవిలో వారము, పది దినములు చాలును. పాంచాక్స్ నీటిపైభాగమున తిరుగుచు దోమపిల్లలను ఏరి తినును.

దోమలకొఱకే గంబూసియా అను అమెరికా చేపను 1928లో ఇటలీనుండి మన దేశమునకు తెచ్చిరి. అది దోమపిల్లలతో ఆగక మన చేపల గ్రుడ్లను, పిల్లలనుకూడ తినుచున్నది. గాజుతొట్లను శుభ్రపఱచుటకని దక్షిణ అమెరికానుండి వచ్చిన సక్కర్ చేప నేడు మన నదులలోను చెఱువులలోను వ్యాపించి, జాలరుల వలలు చింపి దెయ్యపుచేప యని పేరు పొందినది. సెలవులకు ఊరికి పోవుచు పెంపుడుచేపలను శామీర్‌పేట చెఱువులో విడుచుట పుణ్యమని తలచువారు ఈ సంగతిని గమనింపవలయును. అక్కఱలేని చేపను మిత్రునికైనను, అమ్మినవానికైనను ఇయ్యవలయునేగాని చెఱువులో విడువరాదు. వానకాలమున కొలను పొరలి చేపలు కాలువ పట్టకుండ, గట్టు నేలకంటె ఎత్తుగా నుండవలయును. నీరుపోవు గొట్టమునకు సన్నని జాలి బిగింపవలయును.

నిత్యకృత్యము స్వల్పమే. దినమున కొకసారి, అయిదు నిమిషములలో తినగలిగినంత మేతయే వేయుడు. వారమున కొకసారి అయిదవవంతు నీటిని తీసి చెట్లకు పోసి, క్రొత్తనీరు చేర్చుడు. నీటిపై మూడవవంతు కలువాకులు పఱచుకొనిన చాలును; నీడయు నగును, కొంగకును లకుముకిపిట్టకును చాటు నగును. క్రొత్త చేపను రెండు వారములు వేఱు తొట్టిలో పరీక్షించి, పిదప దాని సంచిని పావుగంట కొలనిలో తేల్చి, నీరు కొంచెము కొంచెముగా కలిపి విడువుడు. వేసవిలో ఉదయముననే వచ్చి చూడుడు. చేపలు నోళ్ళు తెఱచి పైన నున్నచో ఆనాడు మేత మాని ధారగా నీరు పోయుడు.

ఇప్పుడు మన కొలనిలోని 12 బంగారుచేపలును మూడు వేసవులు దాటినవి. క్రొత్త చేపను తెత్తమని బాలురెవరైన కోరినపుడు నేను వెంటనే అనుమతి నిచ్చుట లేదు. ముందుగా పోయి తోటమాలి నడిగి రమ్మనుచున్నాను.