అమ్మమ్మ చేతి చలువ

బిడ్డకు తల్లి తొలి గురువని పెద్దల మాట. కష్టకాలంలో ఆ బాధ్యతను అమ్మమ్మ స్వీకరిస్తే వంశం ఎలా నిలబడుతుందో కాకతీయుల చరిత్ర మనకు చెబుతుంది. ఓరుగల్లును ఏలిన చివరి కాకతీయ ప్రభువు ప్రతాపరుద్రుడు రాణి రుద్రమదేవికి స్వయానా కూతురి కొడుకు. ఆయన తల్లి ముమ్మడమ్మ. మగ సంతానం లేని రుద్రమదేవి ఈ మనుమని దత్తత చేసుకొని, రాజ్యానికి వారసునిగా తీర్చిదిద్దింది. అమ్మమ్మే అమ్మ అయిన అపురూప బంధమది.

ఆ పిల్లవాడు పెరిగినవి సుఖంగా గడిచిన రోజులు కావు. గణపతిదేవ చక్రవర్తి తన కుమార్తెకు రాజ్యభారం అప్పగించగా, స్త్రీ ఏలుబడిని సహించలేని సామంతులు ఎదురుతిరిగారు. దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. రుద్రమ అధైర్యపడలేదు. శాసనాలలో రుద్రదేవ మహారాజుగా పురుషనామంతోనే వెలిగింది. ప్రసాదిత్యుని వంటి విశ్వాసపాత్రులైన నాయకులను కూడగట్టుకొంది. తండ్రి ఆరంభించిన రాతికోటను పూర్తిచేసి నగరానికి రక్షణ కల్పించింది. యాదవసేనను తిప్పికొట్టి ‘రాయగజకేసరి’ అనిపించుకొంది. ఉన్న బలగాన్ని, ఉన్న వనరులను ఎరిగి వాడుకోవడమే ఆమె నేర్పు.

అయితే మనుమనికి ఆమె అందించిన సంపద కత్తి ఒక్కటే కాదు. కృష్ణాతీరంలోని మల్కాపురం శాసనం ఆమె హృదయాన్ని మనకు చూపుతుంది. తండ్రితో కలిసి పాలిస్తున్న 1261లో, గోళకీమఠాచార్యులు, రాజగురువు అయిన విశ్వేశ్వర శివాచార్యులకు జరిగిన దానాన్ని ఆ శాసనం వివరిస్తుంది. గణపతిదేవుడు మందడం గ్రామాన్ని సంకల్పించగా, రుద్రమ దానితోపాటు వెలగపూడిని కూడా సమర్పించింది. అక్కడ శివార్చనతోపాటు వేదశాస్త్రాల బోధన సాగింది. ఆకలిగొన్నవారికి అన్నసత్రం, రోగులకు ఆరోగ్యశాల, గర్భవతులకు ప్రసూతిశాల ఏర్పడ్డాయి. దేవునికి ఇచ్చినది దీనులకు చేరాలన్న ఈ భావనే మన ధర్మంలోని ఆర్ద్రత. శివభక్తి అంటే గుడిలో గంట మోగించడమే కాదని, పురిటినొప్పులు పడే తల్లికి నీడ కల్పించడం కూడా శివపూజేనని ఆ శాసనం నేటికీ చాటుతోంది.

చివరి పరీక్ష ఇంకా మిగిలే ఉంది. కాయస్థ అంబదేవుడు తిరుగుబాటు చేశాడు. మనుమడు రాజ్యభారం మోయగల వయసుకు వచ్చినా, రుద్రమ విశ్రాంతి కోరలేదు. 1289 నవంబరు నాటి చందుపట్ల శాసనం ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందినట్లు పేర్కొంటుంది. నేటి నల్లగొండ జిల్లాలోని ఆ గ్రామంలో ఒక భటుడు వారి పుణ్యార్థం సోమనాథ దేవునికి భూదానం చేశాడు. ఏలిక పోయినా ఆమె పేరిట దైవానికి తన కానుక అర్పించిన ఆ భటుని విశ్వాసం ఎంతటిది! ఆమె అంబదేవునితో పోరులోనే నేలకొరిగిందని చరిత్రకారులు భావిస్తారు.

అండగా నిలిచిన అమ్మమ్మ లేదు. ఎదుట గెలుపు గర్వంతో శత్రువు ఉన్నాడు. శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతక క్షేత్రంలో 1290లో అంబదేవుడు తన విజయాలను శాసనంగా చెక్కించుకొన్నాడు. ప్రతాపరుద్రుడు దుఃఖంతో కూలిపోలేదు. సేనలను సమకూర్చుకొని ముందుకు నడిపించాడు. మరుసటి ఏడాది, అంటే 1291 నాటికే ఆ క్షేత్రం తిరిగి కాకతీయుల ఏలుబడిలోకి వచ్చింది. ఆ తరువాత 1323 వరకు ఆయన రాజ్యం చేశాడు.

మన ఇళ్లలోని అమ్మమ్మలకు కోటలు, సేనలు ఉండకపోవచ్చు. గుప్పెడు బియ్యంతో పదిమందికి గంజి కాచే నేర్పు, కరవులోనూ దీపం ఆరనివ్వని నిష్ఠ, వాకిట నిలిచిన అతిథిని ఉత్తచేతులతో పంపని మనసు వారి సొత్తు. మాటలతో చెప్పకపోయినా, చూస్తూ పెరిగిన మనుమలకు అవి అబ్బుతాయి. పెద్దలు ఉండగానే వారి చెంత కూర్చొని, ఆ నేర్పును అందిపుచ్చుకోవడమే మనుమలు తీర్చుకోవలసిన రుణం.